కింద ఉచ్చులు పడుతుంటే పైన వెతకండి

మా అమ్మమ్మ కుట్టు మిషన్ తెనాలి దగ్గర పల్లెటూరి నుంచి హైదరాబాద్‌లో మా ఇంటికి వచ్చి ఏడాది దాటింది గానీ, మొన్న సంక్రాంతి వెళ్ళేదాకా దాని మీద ఒక్క జాకెట్టు కూడా నేను సరిగ్గా కుట్టలేకపోయాను. తొక్కుడు మిషన్, నల్లది, ఇనప స్టాండు, తోలు బెల్టు, పైన బంగారు రంగు పువ్వులు సగం చెరిగిపోయి ఉన్నాయి, కంపెనీ పేరైతే అసలు కనపడదు, అమ్మమ్మ చెయ్యి ఆనీ ఆనీ అరిగిపోయింది. పాపకి మంగళగిరి కాటన్‌తో లంగా కుడదామని కూర్చున్నా, నిజాం బోర్డర్ ఉన్న పచ్చ గుడ్డ, ఎంతో ఇష్టంగా కొన్నది. పైన చూస్తే కుట్టు ముత్యాల వరసలా ఉంది, తిప్పి చూస్తే కింద దారం ఉచ్చులు ఉచ్చులుగా వేలాడుతోంది, కింది దారం మాత్రం తీగ లాగినట్టు తిన్నగా పడుకుని ఉంది, దాని కొస పట్టుకుని లాగితే బొందు లాగినట్టు మొత్తం సర్రున వచ్చేసింది. అంటే అది కుట్టే కాదన్నమాట.

ఈ సమస్య పాత మిషన్ ఉన్న ప్రతి ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు వచ్చేదే, అందుకే నేను ఎక్కడ తప్పు చేశానో, చివరికి ఎక్కడ దొరికిందో మొత్తం రాస్తున్నా. ముందు నేను చేసిన తప్పు. ఉచ్చులు కింద ఉన్నాయి కదా, కింద బాబిన్ (కింది దారం చుట్టే చిన్న చక్రం) ఉంది కదా, అందుకని అది కూర్చునే డబ్బీ, బాబిన్ కేస్, తీసి దాని మీద ఉన్న చిన్న స్క్రూ బిగించాను. తగ్గలేదు. ఇంకాస్త బిగించాను. అలా మూడు రోజులు బిగించీ వదులు చేసీ, చివరికి అసలు మొదట ఎక్కడ ఉండేదో కూడా గుర్తు లేకుండా పోయింది. ఆ స్క్రూ అమ్మమ్మ ఎన్నేళ్ళ కిందట పెట్టిందో, అది బంగారంలా పనిచేస్తున్నదే, దాన్ని నేను పాడు చేశాను. ఇప్పటికీ ఆ విషయం తలుచుకుంటే బాధగానే ఉంటుంది.

ఇది అర్థం కావాలంటే అసలు మిషన్ కుట్టు ఎలా పడుతుందో ఒకసారి చూడాలి, నాకైతే ఇది తెలిశాకే బుర్రలో లైటు వెలిగింది. చేతి కుట్టులో ఒకటే దారం, గుడ్డలోంచి పైకీ కిందకీ పోతుంది. మిషన్‌లో దారం మొత్తం గుడ్డ దాటి అవతలికి పోదు, సూది పై దారాన్ని కిందకి దింపి కాస్త పైకి లేచేసరికి సూది వెనక చిన్న ఉచ్చు ఏర్పడుతుంది, కిందున్న షటిల్ (బాబిన్ కేస్ కూర్చునే ఇనప ముక్క) ముక్కు ఆ ఉచ్చుని పట్టుకుని బాబిన్ కేస్ చుట్టూ తిప్పుతుంది, అంటే పై దారం కింది దారాన్ని చుట్టేసి వస్తుంది. అప్పుడు పైనున్న లివర్ ఆ దారాన్ని పైకి లాగుతుంది, ముడి గుడ్డ మధ్యలోకి వెళ్ళి కూర్చుంటుంది. అమెరికాలో ఎలియాస్ హోవే 1846లో పేటెంట్ తీసుకున్నది ఈ రెండు దారాల కుట్టుకే, ఇవాళ్టికీ మన ఇళ్ళలో మిషన్లన్నీ దాని మీదే నడుస్తున్నాయి.

కాబట్టి ఇది రెండు దారాల మధ్య తాడు లాగుడు పోటీ లాంటిది. ఇద్దరూ సమానంగా లాగితే ముడి మధ్యలో ఆగుతుంది. పైవాడు పట్టు వదిలేస్తే కిందవాడు ముడిని కిందకి లాక్కుపోతాడు, దాంతో పై దారం గుడ్డ కింద కుప్పపడుతుంది. అంటే కింద ఉచ్చులు కనపడ్డాయంటే అవి బాబిన్ దారం కాదు, పై దారం! పై దారాన్ని పైన ఎవరూ పట్టుకోవట్లేదని అర్థం. అదే గుడ్డ పైవైపు కింది దారం చుక్కలు చుక్కలుగా పొడుచుకొస్తుంటే పైన బిగువు ఎక్కువైంది లేదా కింద వదులైంది. ఈ ఒక్క ముక్క ముందే తెలిసుంటే నేను బాబిన్ స్క్రూ జోలికి పోయేదాన్నే కాదు.

తేల్చుకోవడానికి తేలిక పద్ధతి, పైన ఎర్ర దారం కింద తెల్ల దారం వేసి (రెండూ ఒకే రకం, ఒకే లావు ఉండాలి, ఒకటి కాటన్ ఒకటి పాలిస్టర్ పెడితే ఏమీ తేలదు) పాత కాటన్ గుడ్డ రెండు మడతలు పెట్టి ఒక జానెడు కుట్టండి. కింద వైపు ఎర్ర ఉచ్చులు కనపడితే జబ్బు పైనుంది. నాకు కింద అంతా ఎరుపే.

సరే జబ్బు పైనుంది, పైన ఎక్కడ? మా వీధి చివర టైలర్ బాబాయి గారున్నారు, ముప్పై ఏళ్ళుగా కుడుతున్నారు, ఆయన్ని అడిగితే మొదట అన్న మాట ఇది: "దారం ఎక్కించేటప్పుడు పాదం లేపి ఉంచుతున్నావా అమ్మా, దించి ఉంచుతున్నావా?" నేను ఎప్పుడూ అది పట్టించుకోలేదండీ అన్నాను. పాదం అంటే మన కాలు కాదు, సూది దగ్గర గుడ్డని కిందకి నొక్కి పట్టే ఇనప ముక్క. అప్పుడాయన చూపించారు. మిషన్ ఎడమ కొసన, ముందు రేకు మీద బిళ్ళల్లాంటి రెండు గుండ్రటి రేకులుంటాయి, దారం వాటి మధ్యలోంచి పోతుంది, వాటిని వెనక్కి నొక్కి పట్టే స్ప్రింగూ, స్ప్రింగుని బిగించే నట్టూ ఉంటాయి. పాదం పైకి లేపితే ఆ రేకులు విచ్చుకుంటాయి, గుడ్డ బయటికి తీసేటప్పుడు దారం తేలిగ్గా రావాలని అలా పెట్టారు. దించితే మూసుకుని దారాన్ని పట్టుకుంటాయి. పాదం దించి దారం ఎక్కిస్తే అది మూసుకున్న రేకుల మధ్యలోకి దూరకుండా అంచు మీదే కూర్చుంటుంది, చూడటానికి అంతా సరిగ్గానే ఉన్నట్టుంటుంది, పట్టు మాత్రం ఉండదు. కింద ఉచ్చులు పడ్డాయని చెప్పేవాళ్ళలో చాలామందికి ఇంతే, పాదం లేపి మొదటి నుంచి దారం మళ్ళీ ఎక్కిస్తే పోతుంది.

ఇంకోటి, రేకుల్లోంచి వచ్చాక సన్నటి తీగ స్ప్రింగు ఒకటి కొక్కెంలా బయటికి ఉంటుంది, దారం దాని కొక్కెంలో పడాలి, తర్వాత కింద ఉన్న చిన్న రేకు కిందనుంచి తిరిగి, అప్పుడు పైకి లివర్‌లోకి పోవాలి. తొందరలో ఆ స్ప్రింగుని వదిలేస్తాం. సూది కూడా చూసుకోవాలి, మా మిషన్ లాంటి వాటిలో సూది చదును వైపు కుడివైపుకి, అంటే చేతి చక్రం వైపుకి ఉండాలి, దారం ఎడమ నుంచి కుడికి ఎక్కించాలి. కొత్త మిషన్లు అలవాటైన వాళ్ళు ముందు నుంచి వెనక్కి ఎక్కించడం అలవాటుతో ఇక్కడ తడబడతారు. మామూలు కాటన్‌కి 14 నంబర్ సూది, మందం గుడ్డలకి 16, లావు దారం సన్న సూదిలో పెడితే ఎంత సర్దినా కుట్టు కుదరదు.

మా మిషన్ లాంటివి అంటే ఏంటంటే, సింగర్ వాళ్ళు 15 క్లాస్ అని పంతొమ్మిదో శతాబ్దం చివర్లో తెచ్చిన డిజైన్ ఒకటుంది, టెన్షన్, అంటే పై దారం బిగువు సర్దే ఆ రేకులూ స్ప్రింగూ నట్టూ, ఎడమ కొసన రేకు మీద, గుండ్రటి బాబిన్ ఎడమ పక్కనుంచి కేస్‌తో సహా లోపలికి పెట్టేది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జపాన్ వాళ్ళూ దాన్నే పోలినవి బోలెడు చేశారు, మన దేశంలో నల్ల తొక్కుడు మిషన్లు ఎక్కువ భాగం ఆ పోలికవే. అందుకే కంపెనీ పేరు చెరిగిపోయినా మాకు ఇబ్బంది కాలేదు, స్పేర్ పార్టులు ఇప్పటికీ లుధియానా నుంచి వస్తున్నాయి, ఏ మిషన్ షాపులోనైనా దొరుకుతాయి. మీది పడవ ఆకారం షటిల్‌లో పొడవాటి బాబిన్ ఉండే ఇంకా పాత రకం అయితే పై మాటలు కొన్ని వర్తించవు, దాని దారి వేరు.

నేను బాబాయి గారు చెప్పినట్టు అన్నీ సరిచేశాను. పాదం లేపే ఎక్కించాను, సూది మార్చాను, కొత్త దారం రీలు తెచ్చాను. అయినా ఉచ్చులే. మెకానిక్ ఒకాయన వచ్చి చూసి టెన్షన్ సెట్ మొత్తం పోయింది మార్చాలి, అలాగే మోటర్ కూడా పెట్టించుకోండి అన్నాడు. మోటర్ సంగతి వద్దులెండి అన్నాను. టెన్షన్ సెట్ మార్చడం పెద్ద ఖర్చేం కాదు, మార్చేద్దామనే అనుకున్నా, కానీ ఎందుకు పోయిందో తెలియకుండా మార్చడం నాకు మనసొప్పలేదు, ఆ రేకుల మీద అమ్మమ్మ దారం నడిచిన గీతలున్నాయి.

అప్పుడు ఒక విచిత్రం గమనించాను. జనవరి కదా, పొద్దున్నే పాప స్కూలుకెళ్ళాక కూర్చుంటే కుట్టు చెత్తగా వచ్చేది, మధ్యాహ్నం రెండింటికి కిటికీలోంచి ఎండ మిషన్ మీద పడే వేళకి కూర్చుంటే అదే గుడ్డ, అదే దారం, కాస్త బాగా వచ్చేది! మొదట నా భ్రమేమో అనుకున్నా. మూడు రోజులు పొద్దున ఒక ముక్క, మధ్యాహ్నం ఒక ముక్క కుట్టి టైము పెన్నుతో గుడ్డ మీదే రాసి పెట్టుకున్నా. నిజంగానే తేడా ఉంది. ఇనుముకి చలి వేస్తుందా ఏంటి అనుకుంటూ అమ్మమ్మకి ఫోన్ చేశాను.

"ఏమ్మా, మిషన్ ఎట్టా కుడుతుంది?" అంది.

"కుట్టట్లేదు అమ్మమ్మా, పొద్దున పూట అసలు మాట వినట్లేదు. నువ్వు పంపేటప్పుడు దానికేమన్నా చేశావా?"

"నేనేం చేశానే, తుప్పు పట్టుద్దని ఒళ్ళంతా కొబ్బరి నూనె రాసి, సందుల్లో కూడా నాలుగేసి చుక్కలు పోసి, పాత చీర చుట్టి పంపాను. మిషన్ నూనె బుడ్డి ఎప్పుడో అయిపోయింది, ఊళ్ళో దొరకలా."

కొబ్బరి నూనె! మన బాత్‌రూంలో సీసా చలికాలం పొద్దున గడ్డకట్టి ఉంటుంది, ఎండలో పెడితే కరుగుతుంది, 24 డిగ్రీల అటూ ఇటూలో దానికి అదే పని. హైదరాబాద్‌లో జనవరి పొద్దున ఎంత చలి ఉంటుందో తెలిసిందే. మిషన్ నూనె పల్చగా, ఎంత చలికైనా పారేలా ఉంటుంది, కొబ్బరి నూనె సందుల్లో గడ్డకట్టి, దుమ్మూ నూగూ పట్టుకుని జిగురైపోతుంది. అమ్మమ్మ ప్రేమగా రాసింది, తప్పు ఆవిడది కానే కాదు, ఊళ్ళో అందరూ అదే రాస్తారు.

ఇప్పుడు ప్రశ్న, ఏ సందులో గడ్డకడితే పై దారం పట్టు పోతుంది? ఇక్కడే ఒక చిన్న పరీక్ష చేయండి, ఇది చాలా ముఖ్యం. సూదిలోంచి దారం తీసేసి, టెన్షన్ రేకుల దాకా మాత్రం ఎక్కించి పాదం లేపి చేత్తో దారం లాగండి, తేలిగ్గా రావాలి. ఇప్పుడు పాదం దించి లాగండి, గట్టిగా పట్టుకోవాలి, తేడా చేతికి స్పష్టంగా తెలియాలి. నాకు పొద్దున పూట తేడానే లేదు, రెండుసార్లూ గాలిలో లాగినట్టు వచ్చేస్తోంది. అంటే పాదం దించినా రేకులు మూసుకోవట్లేదు.

ఎందుకు మూసుకోవట్లేదో విప్పితే గానీ తెలియలేదు. ఆదివారం మధ్యాహ్నం, టేబుల్ మీద తెల్ల తువ్వాలు పరిచి, స్టీలు పళ్ళెం పెట్టుకుని, ఫోన్‌తో ప్రతి అడుగూ ఫోటో తీసుకుంటూ విప్పాను. ముందు నట్టు వచ్చింది, తర్వాత గోపురంలా ఉండే స్ప్రింగు, తర్వాత మధ్యలో అడ్డంగా చిన్న కమ్మీ ఉన్న ఒక బిళ్ళ, తర్వాత రెండు టెన్షన్ రేకులు. ఇవన్నీ ఒక లావు మేకులాంటి దాని మీద వరసగా గుచ్చి ఉంటాయి, ఆ మేకు మధ్యకి చీలి ఉంటుంది, లోపల బోలుగా ఉంటుంది, ఆ బోలులో సన్నటి పిన్ను ఒకటుంది. అదే అసలు దొంగ. పాదం లేపినప్పుడు వెనక నుంచి వేరే లివర్ ఒకటి ఈ పిన్నుని తోస్తుంది, పిన్ను వెళ్ళి ఆ బిళ్ళ మధ్య కమ్మీని తోస్తుంది, బిళ్ళ స్ప్రింగుని వెనక్కి నెడుతుంది, రేకులు విచ్చుకుంటాయి. పాదం దించితే స్ప్రింగు బలానికి పిన్ను తిరిగి లోపలికి పోవాలి. నా దాంట్లో పిన్ను బయటికి వచ్చిందే గానీ లోపలికి పోవట్లేదు, గోధుమ రంగు బంకలో ఇరుక్కుపోయి అక్కడే నిలబడింది. ఎండ పడితే బంక కాస్త మెత్తబడి మెల్లగా వెనక్కి జారేది, అందుకే మధ్యాహ్నం కుట్టు బాగుండేది. ఆ పిన్నుని వేలితో తాకినప్పుడు కలిగిన సంతోషం నేను మాటల్లో చెప్పలేను, ఇన్నాళ్ళు నన్ను ఏడిపించింది బియ్యపు గింజ మందం కూడా లేని ఇంత ముక్క.

రేకుల మధ్య ఇంకో పాపం కూడా బయటపడింది, ఎప్పటిదో నీలం దారం పీచు నూనెలో నానిపోయి ఒక రేకుకి అతుక్కుని ఉంది. అమ్మమ్మ కుట్టిన ఏ స్కూలు యూనిఫాందో అయ్యుంటుంది.

పిన్నూ రేకులూ బిళ్ళా అన్నీ కిరసనాయిలులో అరగంట నానబెట్టి మెత్తటి గుడ్డతో తుడిచాను, మేకు బోలు లోపల కిరసనాయిలు తడిపిన దారం దూర్చి అటూ ఇటూ లాగాను. కిరసనాయిలు దొరక్కపోతే అసలు మిషన్ నూనే పోసి, నానబెట్టి, తుడిచి, మళ్ళీ పోస్తూ నాలుగైదుసార్లు చేస్తే కూడా బంక వదులుతుంది, టైము పడుతుంది అంతే. పెట్రోలు వాడొద్దు, మంట ప్రమాదం. స్పిరిట్ కూడా నల్ల పెయింట్ మీదా బంగారు పువ్వుల మీదా పడనివ్వొద్దు, పైన వార్నిష్ కరిగి పువ్వులు ఊడొస్తాయి. రేకులు మాత్రం చివరికి పొడి గుడ్డతో బాగా తుడవాలి, వాటికి నూనె అక్కర్లేదు, నూనె ఉంటే మళ్ళీ పీచు పడుతుంది. గీకొద్దు, ఇసక కాగితం అస్సలు వద్దు, దారం నడిచే చోట గీత పడితే దారం తెగుతూనే ఉంటుంది. రేకులు తిరిగి పెట్టేటప్పుడు రెండు పళ్ళేలు వీపు వీపు ఆనించినట్టు పెట్టాలి, అంచులు బయటికి విచ్చుకుని ఉంటేనే దారం మధ్యలోకి జారుతుంది. ఒకటి తిరగేసి పెట్టామా మళ్ళీ మొదటికే.

బిగించాక పాదం లేపీ దించీ దారం లాగి చూశాను. లేపితే వదిలింది, దించితే పట్టింది! పొద్దున ఏడింటికి లేచి మళ్ళీ చూశాను, అప్పుడూ పట్టింది.

ఇక మిగిలింది నేను పాడుచేసిన బాబిన్ స్క్రూ. బాబిన్ కేస్ మీద రెండు స్క్రూలుంటాయి, మధ్యలో కాస్త పెద్ద తల ఉన్నది టెన్షన్‌ది, చివర్లో ఉన్న చిన్నది రేకుని పట్టి ఉంచేది, దాన్ని ముట్టుకోవద్దు. బాబిన్ పెట్టి, దారం రేకు కిందనుంచి తీసి, కొస పట్టుకుని కేస్‌ని గాల్లో వేలాడదీయాలి. అలాగే జారి కింద పడిపోతుంటే వదులు. చెయ్యి చిన్నగా ఒక్కసారి పైకి ఎగరేస్తే ఒక అంగుళం జారి ఆగాలి, ఎగరేసినా కదలకపోతే బిగువు. నాది రాయిలా వేలాడింది, అంత బిగించేశాను! స్క్రూ తిప్పేటప్పుడు గడియారంలో పెద్ద ముల్లు ఐదు నిమిషాలు జరిగినంత, మహా అయితే పది నిమిషాలంత, అంతకంటే ఒకేసారి తిప్పొద్దు, తిప్పిన ప్రతిసారీ వేలాడదీసి చూడాలి. కుదిరాక స్క్రూ తల మీదా పక్కన రేకు మీదా కలిపి గోళ్ళ రంగుతో సన్న గీత పెట్టాను, ఈసారి ఎవరన్నా తిప్పితే తెలిసిపోతుంది. ఆ రేకు కింద కూడా ఒకసారి మందపాటి కాగితం మూల దూర్చి లాగండి, నాకు అక్కడ్నుంచి ముద్ద కట్టిన నూగు వచ్చింది. బాబిన్ చుట్టడం కూడా సమంగా ఉండాలి, ఒక పక్క లావు ఒక పక్క సన్నం ఉంటే కుట్టు ఒక చోట బిగువు ఒక చోట వదులు వస్తుంది, దానికి ఏ స్క్రూ పనిచేయదు.

కింద కుదిరాక ఇంక కిందకి చూడను, మిగతా సర్దుబాటంతా పై నట్టుతోనే. మా నట్టుకి నంబర్లు లేవు. దానికి అమ్మమ్మ ఫోన్‌లో చెప్పిన పద్ధతి ఉంది, గుడ్డని ఐమూలగా మడిచి ఆ మడత మీద కుట్టు వేసి, రెండు కొసలు పట్టుకుని టపీమని లాగాలి. పై దారం తెగితే పైన బిగువు ఎక్కువ, కింది దారం తెగితే కింద ఎక్కువ, రెండూ ఒకేసారి పుటుక్కుమంటే సరిపోయినట్టు. నాకు మొదట పైది తెగింది, అర చుట్టు వదులు చేశాను, రెండోసారి పైదే, ఇంకో పావు చుట్టు, మూడోసారి రెండూ కలిసి తెగాయి. గుడ్డ మారినప్పుడు ఇది మళ్ళీ చూసుకోవాలి, వాయిల్‌కి సరిపోయింది జీన్స్‌కి సరిపోదు.

ఒక్క చిన్న లోపం ఇంకా ఉంది. నాలుగు మడతలు వచ్చే చోట, నడుం పట్టీ దగ్గర, అప్పుడప్పుడు ఒక ఉచ్చు పడుతోంది. బాబాయి గారికి చూపిస్తే కొక్కెం స్ప్రింగు కొస వంగిందమ్మా అన్నారు. సూది దిగేటప్పుడు వదులైన దారాన్ని ఆ స్ప్రింగు పక్కకి లాగి పట్టుకుని, సూది కన్ను గుడ్డని తాకే సమయానికి వదలాలి, ముందే వదిలేస్తే ఆ వదులు దారం గుడ్డ మీద పడి సూది కిందకి వస్తుంది. అది మాత్రం కొత్తది కొనాల్సిందే, షాపులో చెప్పి వచ్చాను, వచ్చే వారం ఇస్తామన్నారు.

లంగా అయితే అయిపోయింది, నడుం దగ్గర మూడు నాలుగు అంగుళాలు చేత్తో కుట్టాను. వీడియో కాల్‌లో తిప్పి కింద వైపు చూపించమంది అమ్మమ్మ, పై వైపు అసలు చూడనేలేదు. ఫోన్ దగ్గరికి తెమ్మని, కళ్ళజోడు పెట్టుకుని, కుట్టు పొడవునా చూసి, "చక్రం దగ్గర ఇంకో నూనె బెజ్జం ఉంది, దాంట్లో కూడా కొబ్బరి నూనే పోశాను, అది కూడా తియ్యి" అంది.